గాడ్ ఫాదర్ ఇంటి ఆడవాళ్ళు

ఏ కొత్త హీరోయిన్‌ని కదిపినా "నాకు ఇండస్ట్రీలో గాడ్ ఫాదర్ అంటూ ఎవరూ లేరండీ" అంటుంది. ఆఫీసులో ప్రమోషన్ రాని వాళ్ళదీ అదే మాట. నిజానికి అది చర్చిలో పుట్టిన మాట. పసిబిడ్డకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు, ఈ బిడ్డ మంచిచెడ్డలు నేను చూస్తానని దేవుడి ఎదుట మాటిచ్చే పెద్దమనిషన్నమాట. దాన్ని చర్చిలోంచి వీధిలోకి తీసుకొచ్చిన ఘనత 1969లో మారియో పూజో రాసిన నవలదీ, 1972లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన సినిమాదీను. 2022లో చిరంజీవి గారు చేసిన 'గాడ్ ఫాదర్' మలయాళ 'లూసిఫర్'కి రీమేక్. అయినా పేరు మాత్రం ఇదే పెట్టుకున్నారు. ఆ పేరుకి ఉన్న బరువు అలాంటిది.

తుపాకుల సినిమాతో మనకేం పని అనుకోకండి. ఇది అచ్చంగా సంసారుల కథ. పెళ్ళితో మొదలవుతుంది. మధ్యలో భోజనాలు, ఆస్పత్రి, చావు, బారసాలలాంటి వేడుక. క్లెమెంజా అనే లావుపాటి హంతకుడు గరిటె పట్టుకుని, ఇరవైమందికి సరిపడా టమాటా కూర ఎలా వండాలో చిన్నబాబుకి నేర్పుతాడు. చిటికెడు పంచదార కూడా వేయిస్తాడు. చెప్పొద్దూ, సినిమాలో నాకు భలే నచ్చిన దృశ్యాల్లో అదొకటి. మనుషుల్ని చంపేవాళ్ళకి వంట కూడా వచ్చునని చూపించిన దర్శకుడికి ఇంటి సంగతులు బాగా తెలుసు.

మొదటి దృశ్యం గుర్తు చేసుకోండి. బయట పెరట్లో డాన్ కూతురు కానీ పెళ్ళి జరుగుతూ ఉంటుంది. లోపల చీకటి గదిలో ఒక తండ్రి తన కూతురి గోడు వెళ్ళబోసుకుంటాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఆ పిల్లని చావగొట్టారు, కోర్టు వాళ్ళని దాదాపు ఊరికే వదిలేసింది. డాన్ వీటో ఒళ్ళో పిల్లిని నిమురుతూ వింటాడు, కాసేపు దెప్పుతాడు, చివరికి సరేనంటాడు. ఆ దెబ్బలు తిన్న అమ్మాయిని మాత్రం మనకి ఒక్కసారి కూడా చూపించరు. ఆమె ఆ గదిలో ఒక ఫిర్యాదు, అంతే.

అసలు తమాషా ఇక్కడుంది. ఊళ్ళో వాళ్ళ కూతుళ్ళకి న్యాయం చేసే ఆ ఇంట్లోనే సొంత కూతురు మొగుడి చేతిలో దెబ్బలు తింటుంది. భోజనాల బల్ల దగ్గర మొగుడు నోరుముయ్యమంటే అన్న సానీ కస్సుమంటాడు. అప్పుడు కలగజేసుకోవద్దని అతన్ని వారించేది ఎవరనుకున్నారు? కన్నతల్లి! ఆ మాట మన ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు ఎన్నిసార్లు అనలేదు! తర్వాత ఆ మొగుడు గర్భిణీగా ఉన్న కానీని కావాలనే బెల్టుతో చితకబాదుతాడు. ఎందుకూ అంటే, చెల్లెలి ఏడుపు ఫోనులో వింటే అన్న ఒంటరిగా పరిగెత్తుకొస్తాడని. దారిలో టోల్ గేటు దగ్గర శత్రువులు కాచుకుని ఉంటారు. ఆమె దెబ్బలు గాలానికి గుచ్చిన ఎర అన్నమాట. విమర్శకులు ఆ టోల్ గేటు కాల్పుల గురించి పేజీలకి పేజీలు రాశారు. ఆ ఫోనుకి ముందు కానీ పగలగొట్టిన పింగాణీ సామాను గురించి అంతగా రాసినట్టు లేదు.

ఇక కే. చదువుకున్న పిల్ల, స్కూలు టీచరు. మైకేల్ తన వాళ్ళలాంటివాడు కాడని నమ్మి చేసుకుంటుంది. చెల్లెలి బిడ్డకి జ్ఞానస్నానమప్పుడు గాడ్ ఫాదర్‌గా నిలబడి, సైతానుని వదులుకున్నానని మైకేల్ ప్రమాణం చేస్తూ ఉంటే, ఊరంతా అతని మనుషులు శత్రువుల్ని చంపుతూ ఉంటారు. (ఆ పసిబిడ్డగా కనిపించింది దర్శకుడి సొంత కూతురు సోఫియా. పెద్దయ్యాక ఆమే దర్శకురాలైంది.) అదయ్యాక ఆ బిడ్డ తండ్రినీ చంపిస్తాడు. కానీ వచ్చి అందరి ముందూ శోకాలు పెడుతుంది. కే అడుగుతుంది, నిజమేనా అని. నా వ్యాపారం సంగతి అడగవద్దని కసురుతాడు. తర్వాత ఈ ఒక్కసారికీ అడగమని వరమిచ్చినట్టు చెప్పి, కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడతాడు. ఆమె నమ్ముతుంది. రెండు నిమిషాల్లో అతని చేతిని ముద్దుపెట్టుకోవడానికి అనుచరులు వస్తారు, ఒకడు వచ్చి తలుపు మూస్తాడు. ఆమె ముఖం మీద మూసుకునే తలుపుతోనే సినిమా అయిపోతుంది. నవలలో అయితే ఆమె చర్చికి వెళ్ళి అతని ఆత్మ కోసం ప్రార్థన చేస్తుంది. నాకు కొప్పోలా ముగింపే గొప్పగా అనిపిస్తుంది. ప్రార్థన ఆమెకి కాస్త ఓదార్పు. తలుపుకి ఆ దయ కూడా లేదు. 1974లో వచ్చిన రెండో భాగంలో తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఈసారి మూసేది మైకేలే.

మనవాళ్ళు ఈ సినిమాలోంచి ఏం తెచ్చుకున్నారో చూడండి. చీకటి గది, పెద్ద కుర్చీ, గొంతు తగ్గించి మాట్లాడే పెద్దాయన, గుమ్మంలో బారులుతీరిన అర్జీదార్లు. హిందీలో ఫిరోజ్ ఖాన్ 1975లో 'ధర్మాత్మ' తీశాడు. మన రామ్ గోపాల్ వర్మ 2005లో 'సర్కార్' తీసి, ఇది ఆ సినిమాకి నా కానుక అని ముందే చెప్పుకున్నాడు. అందులోనూ మొదట ఒక తండ్రి కూతురి కోసం న్యాయం అడగడానికి వస్తాడు. ఆ కుర్చీని నకలు కొట్టినవాళ్ళు ఎంతమందో. ఆ మూసిన తలుపు మాత్రం ఎవరికీ పెద్దగా అవసరం పడలేదు. పడితే కుర్చీలో కూర్చున్నవాడు దేవుడిలా కనిపించడు మరి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మణిరత్నం 1987లో తీసిన 'నాయకుడు'లో మాత్రం ఆ ప్రశ్నకి జవాబు దక్కకపోతే ఊరుకోని మనిషి ఒకత్తె ఉంది. నాయకర్ కూతురు తండ్రిని నిలదీస్తుంది, ఇల్లు విడిచి పోతుంది, పోలీసు ఆఫీసర్ని పెళ్ళి చేసుకుంటుంది. బయటినుంచి తలుపు వేసింది కూతురన్నమాట. తెరమీద ఆ అమ్మాయి ఉండేది కొద్దిసేపే అయినా, కమలహాసన్ అంతటి నటుడు ఆమె ముందు చిన్నబోయి నిలబడతాడు.

పూజో గురించి ఒక ముచ్చట ఉంది. ఈ నవల రాసేనాటికి ఆయన నిజమైన మాఫియావాడిని ఒక్కణ్ణి కూడా ఎరగడట. మరి డాన్ మాటతీరు ఎక్కడినుంచి వచ్చింది? మా అమ్మ గొంతే అది, అని ఆయనే రాసుకున్నాడు. డాన్ నోరు విప్పినప్పుడల్లా ఆయనకి వినిపించింది, బీదరికంలో పిల్లల్ని పెంచుకొచ్చిన ఆ తల్లి తెలివీ, కాఠిన్యమూ, ఇంటిమీది ప్రేమాను. ఇన్నేళ్ళుగా ఇన్ని దేశాల్లో మీసాలు దువ్వుకుంటూ హీరోలు అనుకరిస్తున్నది ఒక ఇటాలియన్ ఇల్లాలినన్నమాట!

ఆ తల్లిని తల్లిగానే పెట్టి ఆయన అంతకుముందే, 1965లో, 'ది ఫార్చునేట్ పిల్‌గ్రిమ్' అని ఇంకో నవల రాశాడు. తన పుస్తకాల్లో అదే మంచిదని ఆయన నమ్మకం. విమర్శకులు మెచ్చుకున్నారు, డబ్బులు మాత్రం రాలలేదు. అప్పులు తీరాలంటే తుపాకులున్న నవల రాయక తప్పింది కాదు. 1988లో సోఫియా లారెన్‌ని తల్లిగా పెట్టి దాన్ని టీవీకి తీశారు. చూసినవాళ్ళని నేనింతవరకూ ఒక్కరినీ కలుసుకోలేదు.