అప్యర్థకమూ చారిత్రక తీర్పూ: సర్వాయి పాపన్న ఉదాహరణ

రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ కోటతో ముడిపడిన సర్వాయి పాపన్నను ఖాఫీఖాన్ పారశీక చరిత్ర దోపిడీదారుగా చిత్రించగా, జానపద గాథ వీరునిగా నిలిపింది. ఈ వైరుధ్యాన్ని జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980 నాటి ఇంగ్లీషు వ్యాసంలో చర్చించారు. ఇటువంటి అంశాన్ని ఇంగ్లీషులో రాసేవారికి అప్యర్థక నిర్మాణం కేవలం వ్యాకరణాంశం కాదు.

‘దోపిడీలు చేసినా వీరుడు’, ‘వీరుడైనా దోపిడీలు చేశాడు’ అనే వాక్యాల్లో సమాచారం ఒకటే, తీర్పులు వేరు. తెలుగులో అప్యర్థకం సాధారణంగా ముందు వస్తుంది. తీర్పు వాక్యాంతంలో నిలుస్తుంది. ఇంగ్లీషులో ‘ఆల్‌దో’ ఉపవాక్యం చివరకూ రాగలదు. అప్పుడు రచయిత ఒప్పుకున్న అంశమే పాఠకుని మనసులో మిగిలిపోవచ్చు. ‘డిస్పైట్’ తరువాత నామపదం వస్తే, దోపిడీ ఎవరు చేశారన్నదే మరుగున పడవచ్చు. కనుక అనువాదంలో అర్థంతోపాటు ఉపవాక్య స్థానాన్నీ పరీక్షించాలి.