బేరం ఎక్కడ ఆడాలి?

చౌకగా తిరగడం కూడా ఒక విద్యే. లాడ్జి గుమాస్తా రేటు చెప్పగానే మారు మాట్లాడకుండా సంచీ మళ్లీ భుజానికి ఎత్తుకోవడం, టాక్సీలవాళ్లను దాటుకుని వీధి చివరిదాకా నడిచి మైక్రోబస్సు ఎక్కడం, నాకు బాగానే అబ్బాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే భూకంపం వచ్చి ఏడాది తిరిగిన కాఠ్మండూ లోయలో ఈ విద్యను ఎక్కడ పడితే అక్కడ ప్రయోగించడానికి మనసొప్పలేదు.

2015 ఏప్రిల్ 25న, మధ్యాహ్నం పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు భూమి కదిలింది. తీవ్రత 7.8. దాదాపు తొమ్మిది వేలమంది పోయారు. శనివారం అక్కడ సెలవు కాబట్టి బడుల్లో పిల్లలు లేరు, అదొక్కటే నయం. ధరహరా స్తంభం మొదలు మాత్రం మిగిలింది. నగరానికి పేరిచ్చిన కాష్ఠమండపం నేలమట్టమైంది. మే 12న మళ్లీ 7.3. అది చాలదన్నట్టు ఆ శీతాకాలం ఇండియా సరిహద్దులో లారీలు ఆగిపోయి, గ్యాస్ బండ దొరక్క హోటళ్లవాళ్లు కట్టెల పొయ్యిలు రాజేశారు. మనం ఇండియా వాళ్లమని తెలిస్తే చాలు, టీ కొట్టులో ఆ ప్రస్తావన ఎత్తేవారు. నిష్ఠూరంగానే, కానీ టీ మాత్రం మర్యాదగా పోసేవారు.

ఆ లోయలోనే ఉన్న భక్తపూర్‌లో ఒక సందు మొగలో చాలాసేపు నిలబడిపోయాను. కూలిన ఇంటి ఇటుకల కుప్ప ముందు ఒక పెద్దావిడ పీట వేసుకుని కూర్చుంది. ఒక్కో ఇటుక తీసి, చిన్న సుత్తితో అంటుకున్న మట్టి రాల్చి, అటూ ఇటూ తిప్పి చూసి, బాగున్నదాన్ని ఒక వరసలో, మొక్కపోయినదాన్ని ఇంకో వరసలో పేరుస్తోంది. మట్టి అడుసుతో కట్టిన గోడలు గనుకే ఆ ఊపుకు నిలవలేకపోయాయి. ఆ మట్టి అడుసు వల్లే ఇటుక చెడకుండా ఊడి వచ్చి మళ్లీ గోడెక్కడానికి పనికొస్తోంది. పాత ఇళ్లకు పక్కనుంచి దుంగలు ఊతమిచ్చి నిలబెట్టారు. వత్సలా దుర్గ గుడికి అరుగు మాత్రమే మిగిలింది. ఆ పక్క చౌకులో, 1702లో భూపతీంద్ర మల్లుడు కట్టించిన ఐదంతస్తుల న్యాతపోల గుడి మాత్రం 1934 నాటి భూకంపాన్నీ దీన్నీ కూడా తట్టుకుంది. పై అంతస్తుకు కాస్త దెబ్బ తగిలిందంతే.

ఈ ఊళ్లోకి వెళ్లాలంటే టికెట్ కొనాలి. విదేశీయులకు అప్పట్లో 1,500 నేపాలీ రూపాయలు, మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు 500. అంటే మన లెక్కలో మూడు వందల పైచిలుకు. ఆ డబ్బు ఊరి మున్సిపాలిటీకి పోతుంది, గుళ్ల మరమ్మతులు దాంట్లోంచే సాగుతాయి. కౌంటరు లేని సందుల్లోంచి దూరితే టికెట్ అక్కర్లేదని సంచీ యాత్రికులు ఒకరికొకరు చెప్పుకుంటారు. అదేదో ఘనకార్యమైనట్టు! కూలిన ఊరి హుండీలో చెయ్యి పెట్టడాన్ని పొదుపు అనరు, దొంగతనం అంటారు.

బేరం ఆడవలసిన చోట్లు వేరే ఉన్నాయి. కాఠ్మండూలో యాత్రికుల పేట థమేల్‌లో పెద్ద హోటళ్లవాళ్లతో, ట్రెక్కింగ్ ఏజెంట్లతో, విమానాశ్రయం బయట టాక్సీవాళ్లతో ఆడండి, నేనూ ఆడతాను. మట్టి ముంతలో గడ్డపెరుగు అమ్మే అమ్మాయితో ఆడకూడదు. జుజు ధౌ అంటారు దాన్ని, చెంచాతో కోస్తే ముక్కలా వస్తుంది. దాల్ భాత్ తినేచోట అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. అక్కడా నోరెత్తకూడదు.

మనవాళ్ల సంగతి ఒకటి చెప్పక తప్పదు. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు మన జిల్లాలనుంచి బస్సులకు బస్సులు వెళతాయి. వంటమనిషి, బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీతో సహా. పెద్దవాళ్ల కడుపులకు అదే మంచిది, కాదనను. కానీ ఆ బస్సు వెళ్లిపోయాక ఆ ఊళ్లో మిగిలేది విస్తరాకులే. ఒంటరిగా, మైక్రోబస్సులో, వంద రూపాయల నోట్లు జేబులో పెట్టుకుని తిరిగేవాడి డబ్బు తక్కువే కావచ్చు, రోజూ పది చేతులకు నేరుగా అందుతుంది. "ఇప్పుడేం వెళతాం పాపం, వాళ్లు కష్టాల్లో ఉంటే" అని ప్రయాణం మానుకున్నవాళ్ల జాలి మాత్రం ఎవరి పొయ్యీ వెలిగించదు.

విపత్తు నుంచి కోలుకుంటున్న ఊరికి వెళ్లండి, చౌకగానే వెళ్లండి. భక్తపూర్ అయితే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. అది చూపిస్తేనే సార్క్ రేటుకు టికెట్ ఇస్తారు.