పక్క బ్రాంచి పాఠకుడు

అమెరికాలోని మాడిసన్‌లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 'విస్కాన్సిన్ ఇంజనీర్' అనే పత్రిక ఉంది. 1896లో పుట్టింది. రాసేదీ దిద్దేదీ పేజీలు కట్టేదీ విద్యార్థులే. నాలుగైదేళ్లకు బృందమంతా మారిపోతుంది. పాతవాళ్లు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు, ఆ పని జూనియర్లు అందుకుంటారు. అలా 120 ఏళ్లు దాటింది. ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్న మన రెండు రాష్ట్రాల్లో అలాంటివి జిల్లాకొకటైనా ఉండాలని నా కోరిక.

మన కాలేజీలూ పత్రికలు వేస్తాయి, వార్షికోత్సవానికి. ముందు సందేశాలు, ఆపైన గ్రూపు ఫొటోలు, ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు, చివర్లో రెండు మూడు టెక్నికల్ వ్యాసాలు. దాచుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ వ్యాసాలు ఎవరు చదవాలని రాసినట్టు? సొంత బ్రాంచివాళ్లకు ఆ సంగతి పాఠ్యపుస్తకంలోనే ఉంది, మిగతావాళ్లకు మొదటి పేరాలోనే దారి మూసుకుపోతుంది.

ఈమధ్య ఒక కాలేజీ పిల్లలు పత్రిక పెడతామంటే వాళ్లతో కూర్చుని వ్యాసాలు దిద్దుతున్నాను. సివిల్ మూడో ఏడాది అమ్మాయి రైలు పట్టాల కింది కాంక్రీటు స్లీపర్ల మీద రాసుకొచ్చింది. నిర్వచనం, ఫార్ములా, ఉపయోగాలు, అన్నీ ఉన్నాయి. పక్కనున్న ఈసీఈ రెండో ఏడాది కుర్రాడు చదివి, "అక్కా, ప్రీస్ట్రెస్ అంటే ముందే ఒత్తిడి పెట్టడమేగా? ఎలాగూ రైలు బరువు పడుతుంది కదా, మళ్లీ మనం నొక్కడం దేనికి?" అన్నాడు. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసి బొమ్మ గీసింది.

మర్నాటికి వ్యాసం మారిపోయింది. కాంక్రీటు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. చక్రం మీదుగా పోయేటప్పుడు స్లీపరు కాస్త వంగుతుంది, వంగితే ఒక వైపు సాగబోతుంది. అందుకే అచ్చులో ఉక్కు తీగలను ముందే బలంగా లాగిపట్టి కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక తీగలను వదిలితే అవి వెనక్కి ముడుచుకోబోతూ కాంక్రీటును నొక్కిపడతాయి. రైలు ఎంత సాగదీసినా ముందు ఆ నొక్కుడును దాటాలి. ఇదంతా ఇప్పుడు ఒక్క పేరాలో ఉంది, పక్కనే తను గీసిన బొమ్మ. ఫార్ములా ఎగిరిపోయింది, విషయం మాత్రం ఎక్కడికీ పోలేదు. నాలుగేళ్ల చదువులో ఏ వైవాలోనూ ఇంత మంచి ప్రశ్న ఆమెకు ఎదురై ఉండదని నా నమ్మకం.

అందుకే ఈ పత్రికలు విద్యార్థుల చేతుల్లోనే ఉండాలంటాను. అధ్యాపకులు లెక్కల్లో, వాస్తవాల్లో తప్పు పోకుండా చూస్తే చాలు. వాక్యం జోలికి రావద్దు. పచ్చిగా ఉన్న రాతకూ చోటుండాలి. లండన్‌లో సైన్సు చదువుకుంటున్న హెచ్.జి. వెల్స్ 1886లో తోటి విద్యార్థులతో కలిసి 'సైన్స్ స్కూల్స్ జర్నల్' పెట్టాడు. 1888లో అందులో కాలంలో ప్రయాణించే మనిషి కథ ఒకటి రాశాడు. ఏడేళ్ల తర్వాత అదే 'టైమ్ మెషీన్' నవలగా ఎదిగింది. ఆ మొదటి రూపం అచ్చు కావడానికి విద్యార్థి పత్రిక ఒకటి ఉండటం ఎంత మేలైంది!

ఇంకో మాట. ప్రతి సంచికలో ఒక్క వ్యాసమైనా తెలుగులో ఉండాలి. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసర్‌గా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో ఎంత సైన్సు రాశారో చూస్తే, మన భాషలో కుదరదనే సాకు నిలవదు. స్లీపర్ల వ్యాసాన్ని ఆ అమ్మాయి నాన్నగారు కూడా చదవగలగాలి కదా.

పిల్లలూ, 16 పేజీలు చాలు. ఆర్ట్ పేపరూ వద్దు, రంగులూ వద్దు. రాసిన ప్రతి వ్యాసాన్నీ అచ్చుకు ముందు పక్క బ్రాంచివాళ్లతో చదివించండి, అర్థం కాలేదన్నచోట తిరగరాయండి. వచ్చే ఏడాది పత్రికను అందుకునే ఇద్దరు జూనియర్లను ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి సంచిక ఈ సెమిస్టర్‌లోనే తీసుకురండి.