మత్తుకు ముందు మాట

“పూరా బేహోష్ కర్తే క్యా సాబ్?”

పూర్తిగా స్పృహ తప్పిస్తారా అని ఆపరేషన్ బల్ల మీద పడుకుని ఆమె అడిగింది. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లు. గోళ్లకు మెహందీ ముదురుగా పట్టి ఉండటంతో వేలికి పెట్టిన క్లిప్పు సరిగ్గా చదవలేదు. చెవి తమ్మెకు మార్చాను. నాడి 126. జ్వరం లేదు, రక్తం పోలేదు. ఉన్నదల్లా భయమే. మనసులో పుట్టిన భయం గుండెను ఎలా పరిగెత్తిస్తుంది? 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ తత్త్వవేత్త డెకార్త్‌కు ఉత్తరం రాసి అడిగింది సరిగ్గా ఇదే: ఒంటికి తగిలే రూపమే లేని ఆత్మ ఒంటిని ఎలా కదిలిస్తుంది? మత్తు డాక్టరుకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు, రోజూ పొద్దున మానిటర్ మీద కనబడే అంకె.

మత్తులో గుండె ఏమవుతుందన్న వాదు మా ఊళ్లో ఒకప్పుడు పెద్దదే. నయాపూల్ దగ్గర, మూసీ ఒడ్డునున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో 1880లలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవాడు. ఆనాటి మత్తుమందు క్లోరోఫారం ఇచ్చినప్పుడు మనిషి పోతే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అని అప్పట్లో వైద్యలోకం రెండుగా చీలి ఉంది. లారీది ఊపిరి పక్షం. 1888లో కమిషన్ వేసి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, తన మాటే నిజమన్నాడు. లండన్ పత్రిక ‘లాన్సెట్’ నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నాడు. 1889లో ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ప్రమాదమని నమ్ముతూ వచ్చినవాడు, వందల జంతువుల మీద చూశాక లారీతో ఏకీభవించాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలని మేం గర్వంగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ లారీ శిష్యురాలే. ఆ ఆస్పత్రిని 1908 వరద తీసుకుపోయింది. ఆ చోటే ఇవాళ్టి ఉస్మానియా ఆస్పత్రి.

ప్రయోగాల్లో మోసం లేదు. అయినా తీర్పులో ఉన్నది సగం నిజమే. మందు పెంచుకుంటూ పోతే ఊపిరే ముందు ఆగుతుంది, కమిషన్ చూసింది అది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ఇంకో దారిలో చూశాడు. క్లోరోఫారం పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, గిలగిల కొట్టుకుని ఆగిపోతోంది. మందు ఎక్కువై కాదు, చాలక. మనం భయపడ్డప్పుడు ఒంట్లో ఊరేదీ ఆ అడ్రినలినే. 1848లో ఇంగ్లండ్‌లో కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫారం కింద పోయిన తొలి మనిషి, పదిహేనేళ్ల హన్నా గ్రీనర్, ఆపరేషనంటే హడలిపోయి ఉందని రాశారు. ఆమె మరణానికి కారణం ఏదన్న వాదన తెగలేదు. కానీ ఆ హడలు నన్ను వదలదు. కుక్కలూ భయపడే ఉంటాయి. కమిషన్ పట్టికలో భయానికి గడి లేదు, అంతే. ఏది కొలవాలో ముందే తేల్చుకుని కూర్చున్న శాస్త్రానికి మిగతాది కళ్లెదుట ఉన్నా ఆనదు.

మత్తు ఎక్కాకైనా మనసు పూర్తిగా పక్కకు తప్పుకుంటుందా అంటే, అదీ లేదు. కండరాలను సడలించే మందు ఇచ్చే ముందు ఒక చేతికి బీపీ పట్టీ బిగిస్తే ఆ మందు అందులోకి దిగదు, ఆ చెయ్యి మాత్రం కదలగలదు. 1977లో టన్‌స్టాల్ అనే మత్తు వైద్యుడు చూపిన పద్ధతి ఇది. నిద్రలో ఉన్న మనిషి చెవిలో “వినబడితే నా చెయ్యి నొక్కండి” అంటారు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో వందకు నలుగురైదుగురు నొక్కారు. మామూలుగా లేచాక ఇదేదీ గుర్తుండదు. గుర్తు లేనంత మాత్రాన ఆ నిమిషం ఆ మనిషి అక్కడ లేదని నేననుకోను. అందుకే నా థియేటర్లో పేషెంటు నిద్రపోయాక కూడా ఆమె వింటున్నట్టే మాట్లాడమంటాను.

“ఘబ్రావ్ నక్కో అమ్మా, భయపడకు,” అని స్టూలు దగ్గరకు లాక్కున్నాను. లక్క మీద అద్దాలు ఎలా అతుకుతారని అడిగాను. నిప్పుల మీద మెత్తబడ్డ లక్క చల్లారక ముందే అతకాలట, ఆలస్యమైతే పట్టదట. చెబుతూ చెబుతూ బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లోనే ఒక అద్దం అతికింది. వేళ్ల చివర పాత కాలిన మచ్చలు. అప్పుడు మాస్కు పెట్టాను.

మత్తు చార్టులో మందు పేరు, మోతాదు, వేళ రాయడానికి గళ్లున్నాయి. ఆ పక్క అంచున పెన్నుతో రాశాను: లక్క గాజుల కబుర్లు, ఆరు నిమిషాలు. నాడి 126 నుంచి 94.