సగం గీకిన తీగ

పిల్లలు చేసిన మోటారు మొదటిసారికే గిర్రున తిరిగితే నాకు కాస్త నిరాశగా ఉంటుంది. చప్పట్లు కొడతారు, ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తారు, గంట మోగగానే బ్యాగులు భుజాన వేసుకుని వెళ్లిపోతారు. తిరగకుండా మొండికేసినప్పుడే అసలు క్లాసు మొదలవుతుంది.

తీరిక దొరికినప్పుడు బడులకు వెళ్లి పిల్లలతో ఇలాంటివి చేయించడం నాకు చాలాకాలంగా అలవాటు. ఎన్ని చేయించినా తిరిగి తిరిగి ఈ మోటారు దగ్గరికే వస్తాను. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా పనికిరాని సామాన్లతో చేసి దేశమంతా తిరిగి చూపించిన వాటిలో ఇదొకటి. టార్చి బ్యాటరీ, రెండు పిన్నీసులు, సైకిల్ ట్యూబులోంచి కోసిన రబ్బరు పట్టీ, పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతం, మీటరు పైచిలుకు వైండింగ్ తీగ ఉంటే చాలు. తీగను బ్యాటరీ చుట్టూ పది చుట్లు చుట్టి తీసేసి, కొసలు రెండూ అటొకటి ఇటొకటి చాపాలి. పిన్నీసుల్ని రబ్బరుతో బ్యాటరీ రెండు చివర్లకూ బిగించి, వాటి కన్నాల్లో ఆ కొసలు దూర్చాలి. చుట్ట కింద, బ్యాటరీ మీదే, అయస్కాంతం.

తిరగదు. బ్యాటరీ అయిపోయిందంటాడొకడు. అయస్కాంతంలో పస లేదంటుంది ఇంకో అమ్మాయి. తీగ మీద ఎనామిల్ పూత ఉంటుందనీ, చూడ్డానికి రాగిలాగే ఉన్నా అది కరెంటును పోనివ్వదనీ కాసేపటికి ఎవరికో తడుతుంది. బ్లేడు తెచ్చి రెండు కొసలూ తళతళలాడేదాకా గీకేస్తారు. ఈసారి చుట్ట ఉలిక్కిపడి సగం తిరుగుతుంది, ముందుకీ వెనక్కీ ఊగి ఆగిపోతుంది. కరెంటు పారుతోంది, అయినా తిరగదు! గదిలో గోల సద్దుమణిగి అందరూ ముందుకు వంగి చూసేది అప్పుడే.

కరెంటు పారుతున్నంతసేపూ చుట్ట కూడా ఒక అయస్కాంతమే. దాని ఒక ముఖాన్ని కింది అయస్కాంతం లాక్కుంటుంది, లాక్కున్నాక వదలదు. వదలాలంటే సరిగ్గా ఆ క్షణంలో కరెంటు ఆగాలి, చుట్ట ఊపు మీద ముందుకు దాటిపోవాలి, దాటాక మళ్లీ కరెంటు అందాలి. అందుకని ఒక కొసను పూర్తిగా గీకి, రెండో కొసను మాత్రం చుట్టను నిలువుగా పట్టుకుని పై సగమే గీకాలి. పుస్తకంలో బొమ్మ వేసి భాగాలు గుర్తించమని అడిగే స్ప్లిట్ రింగ్ కమ్యుటేటరు చేసే పని దాదాపు ఇదే. కాకపోతే అది కరెంటు దిశను తిప్పేస్తుంది, మన గీకుడు సగం చుట్టు సేపు ఆపుతుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే పది నిమిషాల్లో పని తేలిపోతుందని టీచర్లు గుర్తుచేస్తుంటారు. సిలబస్ వాళ్ల నెత్తిన ఉంది, తప్పుపట్టను. కానీ చెప్పను.

సిలబస్ మాట వచ్చింది కనుక ఒకటి అనాలి. 2022లో భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి విద్యుత్ మోటారునూ జనరేటరునూ తీసేసింది. అదే పుస్తకంలోంచి డార్విన్ పాఠం పోయినందుకు దేశమంతా గొడవైంది, కావాల్సిందే. మోటారు పోయినందుకు మాత్రం పెద్దగా ఎవరూ నోరెత్తలేదు. ఎలక్ట్రిక్ స్కూటర్లు వీధుల్లోకి వస్తున్న రోజుల్లోనే జరిగిందిది.

బడుల్లో ఇలాంటివి చేయించడం సామాన్లకు డబ్బుల్లేక ఆగిందని కూడా అనలేం. కేంద్రం నుంచి అటల్ టింకరింగ్ ల్యాబు మంజూరైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. 2025 నాటికి దేశంలో అలాంటివి దాదాపు 10,000 ఉండేవి, ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో ఇంకో 50,000 పెడతామని అదే ఏడు కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. సాయంత్రం పూట తలుపు తీసి కూర్చునే టీచరున్నచోట ఆ గదుల్లో పిల్లలు అద్భుతాలు చేస్తున్నారు. లేనిచోట త్రీడీ ప్రింటరు మీద కప్పిన గుడ్డ తనిఖీ రోజున తొలగుతుంది.

నేనిప్పుడు వైండింగ్ తీగను కొననివ్వను. ఊళ్లో మోటార్లు వైండింగ్ చేసే షాపుకు వెళ్లి అడిగి తెచ్చుకోమంటాను. దీనివల్ల వచ్చిన లాభం నేను ఊహించనిది. ఒక బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది: "ఫ్యాన్‌ల గీకిన తీగ యాడుంటది సార్?" సమాధానం తెలిసి కూడా ఆ షాపాయన దగ్గరికే పంపాను. ఆయన పాత సీలింగ్ ఫ్యాను విప్పి చూపించాడట. "తిరిగే దానికి తీగే పోదు బిడ్డా, తీగంతా మధ్యలో కదలకుండ ఉన్నదానికే" అన్నాడట. ఇంట్లో వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో దానంతటదే దిశ మార్చుకుంటుంది, కాబట్టి గీకాల్సిన అవసరం లేదు. కొత్తరకం బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లలో, ఎలక్ట్రిక్ స్కూటరు చక్రాల్లో మళ్లీ ఆ అవసరం వచ్చింది. అక్కడ కరెంటును ఏ క్షణాన ఏ తీగకు ఇవ్వాలో ఒక చిప్పు చూసుకుంటుంది. బ్లేడు పట్టుకుని పిల్లలు చేసిన పనే అది చేస్తోంది. ఆ చిప్పుకు ప్రోగ్రాం రాసేవాళ్లు, చుట్టలు డిజైన్ చేసేవాళ్లు, కాలిపోతే విప్పి బాగుచేసేవాళ్లు, అందరూ కావాలి. ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్, ఫిజిక్స్ పరిశోధన, దేంట్లోంచి వెళ్లినా చేరే చోటది. కెరీర్ గైడెన్స్ క్లాసుకు ఎంతసేపూ కోచింగ్ సెంటరు వాళ్లనే పిలవకుండా ఒకసారి ఆ వైండింగ్ మేస్త్రీని పిలవమని హెడ్మాస్టర్లను అడుగుతుంటాను. నవ్వేస్తారు.

తల్లిదండ్రులను ఒప్పించడం కష్టం, ఎందుకంటే పరీక్షలో ఇదేదీ రాదు. రాకూడదని రాసిపెట్టి ఏం లేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 ప్రభుత్వ బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో పిల్లలు ప్రయోగాలు చేసే పాఠం నేర్చుకున్నారు. పరీక్షలో పుస్తకాలు తెరిచి పెట్టుకోవచ్చు, పక్కన ప్రయోగ పరీక్ష ఉండేది. టెల్కో కంపెనీలో ఉద్యోగం చేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టి వెళ్లింది అక్కడికే. అగ్గిపుల్లలూ వాల్వు ట్యూబులతో ఆకారాలు కట్టడం అక్కడే మొదలుపెట్టారు. వందల బడులకు పాకిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం మూసేసింది.

సైన్సు ఫెయిర్లకు నన్ను అప్పుడప్పుడు జడ్జిగా పిలుస్తారు. రంగు కాగితాలు అంటించిన థర్మోకోల్ మీద దుకాణంలో కొన్న వర్కింగ్ మోడళ్లు మెరిసిపోతుంటాయి. నా జేబులో ఒక తీగ చుట్టా ఒక బ్లేడూ ఉంటాయి. మోటారు పెట్టుకున్న పిల్లవాడి దగ్గర ఆగి, దాని చుట్టను తీసి పక్కన పెట్టి, కొత్తది చేసి తిప్పి చూపించమంటాను. ఈమధ్య ఒక తండ్రి అడ్డొచ్చాడు: "తిరుగుతున్నదాన్ని ఎందుకు పీకుతారు సార్, మార్కులెయ్యండి!" ఆయనకు జవాబు చెప్పేలోగా కొడుకు బ్లేడు అందుకుని, "ఉండు నాన్నా" అన్నాడు.