పద్యం విని కదిలే తాడు

బైరెడ్డిపల్లె, పలమనేరు, కుప్పం పక్క పల్లెల్లో భారతం ఉత్సవం జరిగితే అర్జున తపస్సు నాడు జనం విరగబడతారు. వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతాడు, పైనుంచి విభూది, నిమ్మకాయలు విసురుతాడు. అంత ఎత్తుకూ ఒంటి బలంతోనే పోవాలి. సురభి నాటకంలో అలా ఎక్కడం ఉండదు, తాళ్ల మీద దిగడం ఉంటుంది. నారదుడు మబ్బుల్లోంచి వస్తాడు. ఆ దిగడం వెనక ఎంత పనుందో మన నాటక చరిత్రలు రెండు ముక్కల్లో తేల్చేస్తాయి. నటుల గురించి రాసినంత శ్రద్ధగా తాళ్ల గురించీ రాయాలి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలైంది సురభి నాటకం. అంతకుముందు ఆ కుటుంబాలు తోలుబొమ్మలాడించాయి. సురభి వాళ్ల ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ చూసినవాళ్లకు తెలుసు, వాళ్ల రంగస్థలం సగం గాల్లోనే ఉంటుంది.

ముందు తెర సంగతి. తెర పైబొంగుకు మూడు చోట్ల తాళ్లు కడితే, మూడూ ఒక్కో గిలక మీదుగా ఒకే పక్కకు వస్తాయి. దగ్గరిది పొట్టి, దూరానిది పొడుగు. బొంగు సమంగా ఉన్నప్పుడు మూడింటినీ కలిపి ఒకే ముడి వేస్తే, ఒక్క మనిషి లాగినా తెర వంకర పోదు. మంచు కురిసే రాత్రి నూలు తాడు నెమ్మెక్కి కుదించుకుపోతుంది. పొడుగు తాడు ఎక్కువ కుదించుకుంటుంది కాబట్టి తెర ఒక పక్కకు లేస్తుంది. ఆట మొదలయ్యేలోగా ముడి విప్పి మళ్లీ సరిచూసుకోవాలి.

మనిషిని దించడం ఇంకా కష్టం. కదిలే కప్పీ ఒకటి వేస్తే, రాపిడి వదిలేస్తే, 60 కిలోల నటుడికి 30 కిలోల పట్టు చాలు. కానీ నాలుగడుగులు దించాలంటే ఎనిమిదడుగుల తాడు వదలాలి. పద్యం ఎత్తుకోగానే కదలాలి, రాగం ముగిసేలోపు పాదం నేలకు ఆనాలి. ఆ పద్యాలు చిన్ననాటి నుంచీ నోట నానినవాడు తాడు పడితే వేరే సైగ అక్కర్లేదు.

ఇప్పుడు పెద్ద వేదికల మీద ఈ పని మోటార్లు చేస్తున్నాయి. రెండు మోటార్లు ఒకే రకానివైనా బరువు తేడా ఉంటే వేగం కాస్త తేడా వస్తుంది. అందుకే ఎన్‌కోడర్ ఒక్కోదాని స్థానాన్ని కంప్యూటర్‌కు చెబుతూ ఉంటుంది. తేడా హద్దు దాటితే అన్నీ ఒక్కసారే ఆగేలా కడతారు. వేలు తీస్తే ఆగిపోయే బటన్, రెండేసి బ్రేకులు ఉంటాయి. ఊరూరా తిరిగే ఆటకు ఇంకో జాగ్రత్త కావాలి. జనరేటర్ మార్చినప్పుడు త్రీఫేజ్ వైర్లలో రెండు తారుమారైతే, పైకి పోవాల్సిన మోటారు కిందికి తిరుగుతుంది. అందుకని బరువేమీ తగిలించకుండా ఒక్కదాన్ని ముందు తిప్పి చూడాలి.

భద్రత కోసం మోటార్లు రావాల్సిందే, నాకందులో అనుమానం లేదు. అయితే కంప్యూటర్ చూసుకునేది తాడు ఎక్కడుందన్నదే. గాయకుడు ఆ రాత్రి రాగాన్ని ఇంకాస్త సాగదీశాడని దానికి తెలియదు. సురభికి మోటార్లు ఇచ్చేవాళ్లు బటన్‌ను కూడా సురభి వాళ్ల చేతికే ఇవ్వాలి. బయటి ఆపరేటర్‌ను పెట్టక తప్పకపోతే, రిహార్సల్స్ అన్నింటికీ ఆయన్ను హార్మోనియం పక్కన కూర్చోబెట్టాలి.