కూపర్ దీవి లెక్కలు
అలాస్కా ఉత్తర కొసన, ఉట్‌కియాగ్విక్ పట్టణానికి తూర్పుగా, బోఫోర్ట్ సముద్రంలో కూపర్ దీవి ఉంది. దీవి అంటే ఇసుక, గులకరాళ్లు పోగుపడిన సన్నని తిన్నె. సముద్రపక్షి శాస్త్రవేత్త జార్జ్ డివోకీ 1975 నుంచి ఏటా వేసవిలో అక్కడ మకాం వేసి, ప్రధానంగా బ్లాక్ గిల్లెమాట్ అనే పక్షి మీదే పని చేస్తూ వచ్చారు.

గిల్లెమాట్ మామూలుగా రాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది. ఈ తిన్నె మీద అలాంటి సందులు లేవు. 1950ల్లో అమెరికా నౌకాదళం వదిలేసిన చెక్కపెట్టెల కింద ఇవి కాపురం పెట్టినట్టు డివోకీ 1972లో చూశారు. తర్వాత ఆయనే మరికొన్ని చెక్కలు అమర్చారు. 1980ల చివరికి జంటలు 200 దాటాయి.

ఈ పరిశోధనకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. పక్షుల కాళ్లకు రంగు ఉంగరాలు తొడిగి, గుడ్డు పెట్టిన రోజు, పిల్ల బయటికొచ్చిన రోజు, పెరుగుతున్న పిల్ల బరువు గూడు గూడుకీ రాసుకోవాలి. తల్లిదండ్రులు పిల్లలకు ఒక్కో చేపను ముక్కున అడ్డంగా కరుచుకుని తెస్తాయి. కాబట్టి సముద్రంలో ఏం దొరుకుతోందో గూటి దగ్గర నిలబడితేనే తెలిసిపోతుంది.

గూట్లోకి చేరడం మొదలుకొని పిల్ల ఎగిరిపోయేదాకా వీటికి నేల మీద మంచులేని రోజులు దాదాపు 80 కావాలి. వాతావరణం వేడెక్కి మంచు ముందుగా కరగడంతో అంత గడువు దొరికింది, కాలనీ పెరిగింది. ఆ దశలో ఎవరైనా మూడేళ్లు చూసి వెళ్లిపోయి ఉంటే, వేడి ఈ పక్షికి మేలే చేసిందని రాసేవారు. ఆ మాట అప్పటికి నిజమే కూడా. డివోకీ వెళ్లిపోలేదు. అందుకే రెండో సగం కూడా నమోదైంది.

వీటి ముఖ్యాహారం ఆర్కిటిక్ కాడ్ చేప, సముద్రపు మంచుగడ్డల నీడన బతుకుతుంది. వేసవిలో మంచు తీరానికి దూరంగా జరిగిపోతే కాడ్ కూడా పోతుంది. అప్పుడు పిల్లలకు దక్కేది స్కల్పిన్: ముళ్లెక్కువ, కొవ్వు తక్కువ. గూట్లోని రెండు పిల్లల్లో చిన్నది ముందు చనిపోతుంది.

నిలిచే మంచు లేక ధ్రువపు ఎలుగుబంట్లు 2002 నుంచి దీవి మీదికి రాసాగాయి. చెక్కలు తిరగేసి పిల్లల్ని తినేశాయి. కొమ్ము పఫిన్ పక్షులూ గూళ్లను ఆక్రమించాయి. 2011లో చెక్కల స్థానంలో గట్టి ప్లాస్టిక్ పెట్టెలు పెట్టాక ఎలుగుల బెడద చాలావరకు తగ్గింది. మేత కొరత మాత్రం పెట్టెలతో తీరేది కాదు. ఇటీవలి సంవత్సరాల్లో గూళ్లు కట్టే జంటలు వందకు దిగువకు పడిపోయాయి.